రేషన్ కార్డుకు దరఖాస్తు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు తెలుగు రాష్ట్రాల సరిహద్దుకు దగ్గర్లో ఒక మండల కేంద్రంలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నాది. అటువాళ్లూ వస్తారు, ఇటువాళ్లూ వస్తారు. ఇన్నేళ్లలో నా టేబుల్ మీద పరిచిన ఆధార్ కార్డులు ఎన్నో లెక్కలేదు. వాటిని చూసి చూసి నాకు తెలిసొచ్చింది ఒకటే. రేషన్ కార్డు ఎక్కువసార్లు ఆగేది పేదరికం దగ్గర కాదు, పేరు దగ్గర. అర్హత ఉన్నవాళ్లే స్పెల్లింగు కలవకో, పాత కార్డులో పేరు తీయించుకోకో నెలల తరబడి తిరుగుతుంటారు. అందుకే కింద కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు మాటల్లో అయిపోతాయి.

తెల్ల కార్డు, ఆహార భద్రతా కార్డు, రైస్ కార్డు... ఇవన్నీ వేరువేరా?

ఉమ్మడి రాష్ట్రంలో పేదలకు తెల్ల కార్డు, మిగతావాళ్లకు గులాబీ కార్డు ఉండేవి. జనం నోట్లో ఇప్పటికీ ఆ మాటే ఉంది. ఇప్పుడు తెలంగాణలో దాన్ని ఆహార భద్రతా కార్డు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి బియ్యం కార్డు, అంటే రైస్ కార్డు. రెంటికీ వెనక ఉన్నది 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టమే. దేశం మొత్తం మీద పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు చవగ్గా తిండిగింజలు ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కేంద్రం ఒప్పుకున్న లెక్క కన్నా రెండు రాష్ట్రాల్లోనూ కార్డులు ఎక్కువ. ఆ పైన ఉన్న కార్డులకు బియ్యం ఖర్చు రాష్ట్రమే పెట్టుకుంటుంది. ఊళ్లో రెండు రకాలవాళ్లకూ అవే బియ్యం వస్తాయి కాబట్టి తేడా ఎవరికీ తెలియదు. రాష్ట్రం దాటి వెళ్లినప్పుడే తెలుస్తుంది. వలస ప్రశ్న దగ్గర ఆ సంగతి చెప్తాను.

మాకు కార్డు వస్తుందా? ఆదాయం ఎంత లోపు ఉండాలి?

తెలంగాణలో పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. భూమి అయితే తరి (మాగాణి) మూడున్నర ఎకరాల లోపు, ఖుష్కి (మెట్ట) ఏడున్నర ఎకరాల లోపు ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క నెలకు చూస్తారు. పల్లెల్లో 10 వేలు, పట్టణాల్లో 12 వేలు. ఏడాదికి వేసుకుంటే లక్షా 20 వేలు, లక్షా 44 వేలు. అంటే తెలంగాణ కంటే కాస్త బిగువు. భూమి మూడెకరాల మాగాణి, లేదా పదెకరాల మెట్ట, రెండూ ఉంటే కలిపి పదెకరాలు దాటకూడదు.

ఆదాయం గురించి జనం పడేంత భయం అక్కర్లేదు. కూలికి వెళ్లేవాళ్ల సంపాదనకు కాగితం ఎక్కడ ఉంటుంది? ఫీల్డ్ ఎంక్వైరీకి వచ్చినవాళ్లు ఇల్లు, పని, పొలం చూసి రాసుకుంటారు. అసలు చిక్కు కంప్యూటర్‌లో తనంతట తాను కనిపించే వాటితోనే.

కంప్యూటర్‌లో కనిపించేవి అంటే ఏవి?

ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని సిక్స్ స్టెప్ వెరిఫికేషన్ అంటారు. ఇంట్లో ఎవరికైనా ప్రభుత్వ ఉద్యోగం లేదా ప్రభుత్వ పెన్షన్ ఉందా (పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు), నాలుగు చక్రాల బండి ఉందా (ట్యాక్సీ, ట్రాక్టరు, ఆటో లెక్కలోకి రావు), ఆదాయపు పన్ను కడుతున్నారా, కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటుతోందా, పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు దాటిన సొంత కట్టడం ఉందా, పైన చెప్పిన ఆదాయం, భూమి సంగతి ఏమిటి... ఇవీ చూసేవి.

ఇందులో కరెంటు మీటరు చేసే అల్లరి అంతా ఇంతా కాదు. ఒకామె వచ్చింది. ఇళ్లల్లో పాచిపని చేస్తుంది, ఉండేది అద్దె గది. 300 యూనిట్లు దాటిందని కార్డు ఆగింది. తీరా చూస్తే ఇంటి ఓనరు మూడు గదులకూ ఒకే మీటరు పెట్టాడు, ఎప్పుడో ఎవరో ఆమె ఆధార్‌ను ఆ మీటరుకు లింకు చేశారు. ఆమె గదిలో ఉన్నది ఒక ఫ్యాను, ఒక బల్బు! ఇలాంటప్పుడు కరెంటు ఆఫీసుకు వెళ్లి, ఆ సర్వీసు నంబరు నుంచి మీ ఆధార్ తీసేయమని కాగితం రాసివ్వాలి. ఆ నకలు తెచ్చి సచివాలయంలో ఇస్తే మళ్లీ పరిశీలిస్తారు.

బండి విషయమూ అంతే. ఎప్పుడో అమ్మేసిన పాత కారు ఇంకా మీ పేరు మీదే ఉంటే, దరఖాస్తు కంటే ముందు రవాణా శాఖలో పేరు మార్పించండి. బ్యాంకు లోను కోసం ఎవరో చెప్పారని ఐటీ రిటర్ను వేసిన కుర్రాళ్లు కూడా ఇలాగే ఇరుక్కుంటారు. రిటర్ను వేసినంత మాత్రాన పన్ను కట్టినట్టు కాదు, కట్టాల్సిన పన్ను సున్నా అని ఆ కాగితంలోనే ఉంటుంది. అది ప్రింటు తీసి చూపించండి.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలి?

తెలంగాణలో మీసేవా కేంద్రంలో. అక్కడి నుంచి తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తుంది, విచారణ అవుతుంది, తర్వాత జిల్లా పౌరసరఫరాల అధికారి దాకా పోయి మంజూరవుతుంది. 2025 జనవరిలో గ్రామసభల్లో, ప్రజాపాలనలో చేత్తో రాసిచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కాగితం ఏమైందో తెలియకపోతే దాని మీదే ఆశ పెట్టుకోకుండా తహసీల్దార్ ఆఫీసులో అడగండి, ఆన్‌లైన్‌లో ఎక్కకపోయి ఉంటే మీసేవాలో మళ్లీ పెట్టండి.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయం, పట్టణమైతే వార్డు సచివాలయం. డిజిటల్ అసిస్టెంట్ దగ్గర దరఖాస్తు, వీఆర్వో దగ్గర ఈకేవైసీ (అంటే ఆధార్ వేలిముద్రతో మనిషిని సరిచూసుకోవడం), తహసీల్దార్ దగ్గర ఆమోదం. గడువు 21 రోజులు. మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009 ద్వారా కూడా రేషన్ కార్డు సేవలు పెట్టారు. ఫోను వాడకం బాగా వచ్చినవాళ్లకు అది సులువే. కొత్త కార్డుకు మాత్రం సచివాలయానికి వెళ్లడమే మేలని నేనంటాను. ఎందుకంటే ఇంట్లోవాళ్ల వేలిముద్రలు ఎలాగూ పెట్టాలి.

ఏ కాగితాలు పట్టుకెళ్లాలి?

ఇంట్లో అందరి ఆధార్ కార్డులు, పనిచేసే ఫోను నంబరు, ఉంటున్న ఇంటి కరెంటు బిల్లు లేదా అద్దె ఇంటి రుజువు, ఇంటి పెద్ద ఫొటో. పాత కార్డు ఏదైనా ఉంటే దాని నంబరు. పిల్లల పేరు చేర్చాలంటే జనన ధ్రువపత్రం, పోయినవాళ్ల పేరు తీయాలంటే మరణ ధ్రువపత్రం. ఆదాయ ధ్రువపత్రం అడిగితే అప్పుడు తీసుకోవచ్చు, ముందే పరుగెత్తి డబ్బు తగలేయొద్దు.

ఫోను నంబరు దగ్గర జాగ్రత్త. మా సెంటర్లో సగం మందికి ఆధార్‌కు లింకైన నంబరు ఏదో గుర్తుండదు. పాత సిమ్ము పారేసి ఉంటారు, లేదా ఓటీపీ ఎక్కడో హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనుకు పోతుంది. ముందు ఆధార్ సెంటర్లో మీ దగ్గరుండే నంబరు పెట్టించుకోండి.

ఆధార్‌లో ఒక పేరు, పాత కార్డులో ఒక పేరు ఉంది. ఏం చేయాలి?

ఇదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఎన్ని రకాలుగా తేడా వస్తుందో చూడండి. లక్ష్మి అనే పేరు ఇంగ్లిష్‌లో ఒకచోట ఎక్స్‌తో ఉంటుంది, ఇంకోచోట కే ఎస్ హెచ్‌తో. ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా. ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక. పెళ్లయినామెకు ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తింటిది. పెద్దవాళ్లలో ఎందరో జనవరి 1నే పుట్టారు! ఆధార్ తీసేటప్పుడు పుట్టినరోజు తెలియక వయసు చెబితే, కంప్యూటర్ అందరికీ ఆ తేదీ వేసేసింది.

ఈ రోజుల్లో మిగతా అన్నీ ఆధార్‌తోనే పోల్చి చూస్తారు కాబట్టి ఆధార్‌నే మూలం అనుకోండి. ఆధార్ సరిగ్గా ఉంటే మిగతావి దానికి తగ్గట్టు మార్చుకోవాలి. ఆధారే తప్పయితే ముందు దాన్ని సరిచేయించాలి, ఆ తర్వాతే రేషన్ దరఖాస్తు. ఈ వరస తిరగబడితే రెండుసార్లు పని. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని టైపు చేసేవాళ్లు ఏం కొట్టారో ప్రింటు తీయకముందు తెర మీద మీ కళ్లతో చూడండి. చదవడం రాకపోతే వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి. రసీదులో తప్పుంటే అక్కడే, ఆ నిమిషంలోనే చెప్పాలి.

ఇంకొకటి. ఎవరిదో ఆధార్ నంబరు మీ కార్డులోని మనిషికి తగిలించి ఉండడం. మీరు ఏనాడూ చూడని ఊళ్లో మీ పేరు మీద కార్డు కనిపిస్తుంది. దీన్ని తప్పు ఆధార్ సీడింగ్ అంటారు, ఆంధ్రాలో దాన్ని సరిచేయడానికి సచివాలయంలో విడిగా సేవే ఉంది. తెలంగాణలో తహసీల్దార్ ఆఫీసులో సివిల్ సప్లయిస్ చూసే డిప్యూటీ తహసీల్దార్‌ను కలవండి.

మా అబ్బాయికి పెళ్లయింది. కోడలి పేరు ఎక్కట్లేదు.

ఆమె పేరు ఇంకా పుట్టింటి కార్డులో ఉంటుంది. ఒక ఆధార్ రెండు కార్డుల్లో ఉండడానికి వీల్లేదు కాబట్టి అక్కడ తీస్తేనే ఇక్కడ ఎక్కుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం ఇందులోనే ఎక్కువ ఇళ్లు దెబ్బతిన్నాయి.

తెలంగాణలో కొన్నేళ్లు కొత్త కార్డులూ లేవు, పేర్లు చేర్చడమూ లేదు. తీసేయడం మాత్రం జరిగేది. అప్పట్లో ఒక అమ్మాయి పెళ్లయిన నెలకే పుట్టింటి కార్డులోంచి పేరు తీయించుకుని వచ్చింది. అత్తగారింట ఎక్కించేసరికి ఆమె కూతురు బడికి పోయే వయసుకొచ్చింది. అన్నేళ్లూ ఆ తల్లి పేరు ఏ కార్డులోనూ లేదు. 2025 జూలై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలయ్యాక గానీ ఇలాంటివాళ్లకు ఊపిరి తిరగలేదు.

కాబట్టి నేను చెప్పేది ఇది. చేర్చడానికి దరఖాస్తులు తీసుకుంటున్నారని కచ్చితంగా తెలుసుకున్నాకే పుట్టింట్లో పేరు తీయించండి. తీశాక ఆ రసీదు, తెర మీద పేరు తొలగినట్టు కనిపించే కాగితం ప్రింటు తీసి ఉంచుకోండి. అది పట్టుకుని వీలైతే అదే వారంలో చేర్పు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రాలో అయితే అంతకంటే ముందు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ చూసుకోవాలి. సచివాలయం లెక్కల్లో కోడలు ఇంకా పుట్టింటి కుటుంబంలోనే ఉంటే కార్డు దరఖాస్తు ముందుకు కదలదు. భార్యాభర్తలను ఒకే ఇంట్లో మ్యాప్ చేయమని మొదట అడగండి. మ్యారేజ్ సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపితే, అది తప్పనిసరి కాదని పౌరసరఫరాల మంత్రి 2025లోనే చెప్పారని గుర్తుచేయండి.

అన్నదమ్ములం వేరు పడ్డాం. వేరే కార్డు ఇస్తారా?

పెళ్లై వేరే పొయ్యి పెట్టుకుంటే అడగొచ్చు. ఆంధ్రాలో దీన్ని కార్డు స్ప్లిటింగ్ అంటారు. తెలంగాణలో పాత కార్డు నుంచి పేర్లు తీయించి కొత్త కార్డుకు పెట్టాలి. పొయ్యి ఒకటే ఉండి, పథకాల కోసం కాగితం మీద మాత్రమే వేరుపడితే విచారణలో పక్కింటివాళ్లే చెప్పేస్తారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు విడిగా కార్డు ఇవ్వరు.

కార్డులో ఇంటి పెద్దగా ఎవరి పేరు ఉండాలి?

ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దామె పేరు. ఇది ఆచారం కాదు, చట్టంలోని 13వ సెక్షన్. ఆడవాళ్లెవరూ లేకపోతే, లేదా ఉన్న ఆడపిల్లకు ఇంకా వయసు రాకపోతే మగవాళ్లలో పెద్దాయన పేరు రాస్తారు. ఆ పిల్లకు పద్దెనిమిది నిండగానే పెద్దరికం ఆమెకు వస్తుంది. కొందరు మగవాళ్లు ఈ మాట వినగానే మొహం ముడుచుకుంటారు. నేనేం చేసేది, పార్లమెంటు చేసిన చట్టం!

మా దరఖాస్తు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

రసీదు మీద అప్లికేషన్ నంబరు ఉంటుంది. తెలంగాణలో మీసేవా వెబ్‌సైటులోనూ, పౌరసరఫరాల శాఖవాళ్ల ఈపీడీఎస్ వెబ్‌సైటులో ఎఫ్ఎస్‌సీ సెర్చ్ (ఆహార భద్రతా కార్డు వెతికే చోటు) లోనూ చూడొచ్చు. ఆంధ్రాలో సచివాలయంలోనో వాట్సాప్‌లోనో. రసీదును ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి పెట్టండి. ఆ చిన్న కాగితం రంగు వెలిసి మూడు నెలలకే తెల్లబడుతుంది.

తిరస్కరించారు. కారణం చెప్పట్లేదు.

కారణం రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే "పైనుంచి రాలేదమ్మా" అంటారు. కాగితం మీద అడిగితే ఎవరో ఒకరు ఫైలు తెరవాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో అది ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది, అది తహసీల్దార్‌కు దిగుతుంది, జవాబు చెప్పకుండా మూసేయడం కష్టం.

ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఆంధ్రాలో జాయింట్ కలెక్టర్, తెలంగాణలో అదనపు కలెక్టర్ ఆ పని చూస్తారు. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద, నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి దగ్గర ఉంది, ఏ కారణంతో ఆపారు అని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. నేను చూసినంతలో ఆ జవాబు రాకముందే సగం పనులు అయిపోతాయి.

తిరస్కరణ జీవితాంతం ఉండేది కాదు. కారణం సరిచేసుకుని మళ్లీ పెట్టొచ్చు. కారణం తెలియకుండా అదే దరఖాస్తు మళ్లీ మళ్లీ కొట్టించడం మాత్రం దండగ.

కార్డు ఇప్పిస్తానని ఒకాయన మూడు వేలు అడుగుతున్నాడు.

ఇవ్వొద్దు. రసీదు మీద ఎంత రుసుము ఉందో అంతే మీరు కట్టాల్సింది. ఆయన చేసేది కూడా మీసేవాకో సచివాలయానికో వెళ్లి అదే దరఖాస్తు పెట్టడమే. కార్డు వస్తే తన గొప్ప అంటాడు, రాకపోతే ఫోను ఎత్తడు. ఉద్యోగి అడిగితే అవినీతి నిరోధక శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1064. ఇంకో మాట కూడా చెప్పాలి. నాలాంటి సెంటర్లలో కూడా రసీదు మీద ఉన్నదానికి రెండింతలు తీసుకునేవాళ్లున్నారు. రసీదు చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

ఎన్ని కిలోలు వస్తాయి? అంత్యోదయ కార్డు అయితే మంచిదా?

మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, ఇది చట్టం ఇచ్చిన హక్కు. తెలంగాణ దాని మీద ఒక కిలో కలిపి 6 కిలోలు ఇస్తోంది. 2025 ఏప్రిల్ నుంచి అక్కడ దొడ్డు బియ్యం బదులు సన్న బియ్యం. చట్టంలో బియ్యం ధర కిలో 3 రూపాయలని ఉన్నా, 2023 జనవరి నుంచి కేంద్రం ఉచితంగా ఇస్తోంది. 2024 జనవరి నుంచి ఇంకో ఐదేళ్లు ఉచితమే అని పొడిగించింది కూడా. బియ్యానికి డబ్బులు అడిగితే ఇవ్వనక్కర్లేదు. పంచదారలాంటి వాటికి మాత్రం ధర ఉంటుంది.

అంత్యోదయ 2000 డిసెంబరులో మొదలైంది, అతి పేదల కోసం. అందులో మనుషులతో పని లేదు, కార్డుకు 35 కిలోలు. ఒంటరి ముసలమ్మకైనా 35, ఎనిమిది మంది ఉన్న ఇంటికైనా 35. కాబట్టి చిన్న కుటుంబానికి అది వరం. ఎనిమిది మంది ఉంటే తెలంగాణలో మామూలు కార్డు మీదే 48 కిలోలు, ఆంధ్రాలో 40 కిలోలు వస్తాయి. పెద్ద కుటుంబాలవాళ్లు అంత్యోదయ కావాలని పట్టుబడితే నేను వేళ్ల మీద ఈ లెక్క వేసి చూపిస్తాను. ఆ తర్వాత ఎవరూ పట్టుబట్టలేదు.

నెలనెలా వేలిముద్ర పెడుతూనే ఉన్నాం. మళ్లీ ఈకేవైసీ ఎందుకు?

అవి రెండూ వేరు. నెలకోసారి బియ్యం తీసుకునేటప్పుడు ఇంట్లో ఏ ఒక్కరు వేలు పెట్టినా చాలు. ఈకేవైసీకి కార్డులో పేరున్న ప్రతి మనిషీ తన వేలు తానే పెట్టాలి. మనిషి ఉన్నాడా లేడా అని ఒకసారి సరిచూసుకోవడం అది. "మా ఆయన పెట్టాడు కదా" అంటే కుదరదు. రేషన్ షాపులో ఈపాస్ మెషీన్ మీదే చేస్తారు, రూపాయి కట్టక్కర్లేదు. బయట ఊళ్లో ఉన్నవాళ్లు ఉన్నచోటే దగ్గర్లోని రేషన్ షాపులో పెట్టొచ్చు, ఇంటికి రైలెక్కి రానక్కర్లేదు.

పిల్లల దగ్గర ఒక చిక్కుంది. ఐదేళ్లలోపు తీసిన నీలం రంగు ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. ఐదు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఒకసారి ఆధార్ సెంటర్లో వేలిముద్రలు ఇవ్వాలి. అది ఇవ్వకుండా ఏడేళ్ల పిల్లవాణ్ని డీలరు దగ్గరికి ఎత్తుకుపోయి ఎన్నిసార్లు వేలు నొక్కించినా మెషీన్ తప్పు అనే అంటుంది. ముందు ఆధార్, తర్వాత డీలరు.

నాన్నకు వేలిముద్రలు పడట్లేదు.

సున్నం పని, సిమెంటు పని, మిరపకాయలు కోయడం, బీడీలు చుట్టడం చేసినవాళ్లకు వేళ్లు నున్నబడిపోతాయి. వేలు తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి పెట్టండి, పదివేళ్లూ ప్రయత్నించండి. చాలామంది చూపుడువేలు ఒక్కదానితోనే కుస్తీ పడతారు. ఉంగరపు వేలికి పడ్డవాళ్లను ఎందర్నో చూశాను. అదీ కాకపోతే కంటిపాప స్కానరు, అదీ కాకపోతే ఫోనుకు ఓటీపీ. 2025 జూన్‌లో తెలంగాణలో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడు ఒక్కో మనిషి పలుమార్లు వేలు పెట్టాల్సొచ్చింది. క్యూ నత్తలా కదిలింది. ఆ ఎండలో ముసలివాళ్లు గోడనానుకుని కూర్చుండిపోయారు.

ఆధార్ లేదనో, మెషీన్ పనిచేయలేదనో అర్హుడికి బియ్యం ఎగ్గొట్టకూడదని కేంద్రం 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. డీలరు మరీ మొండికేస్తే ఈ మాట చెప్పండి. ఆంధ్రాలో 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు సరుకులు ఇంటికే తెచ్చివ్వాలి.

పనికోసం వేరే రాష్ట్రంలో ఉన్నాం. అక్కడ బియ్యం ఇస్తారా?

ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఇస్తారు. 2019 ఆగస్టులో ఈ పద్ధతి మొదట మొదలైంది మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య, గుజరాత్ మహారాష్ట్రల మధ్యనే. 2022 జూన్ నాటికి దేశమంతా వచ్చింది. కార్డు పట్టుకెళ్లక్కర్లేదు, నంబరో ఆధారో చెప్పి వేలు పెడితే చాలు. ఇంటి దగ్గరున్నవాళ్లు తమ వాటా అక్కడ తీసుకుంటూ, మీరు మీ వాటా ఇక్కడ తీసుకోవచ్చు. అయితే ఇంటి దగ్గర మొత్తం కోటా ముందే తీసేస్తే మీకు మిగలదు. నెల మొదట్లోనే ఫోనులో మాట్లాడుకోవాలి.

ముందు చెప్పిన మెలిక ఇక్కడే. మీది కేంద్రం జాబితాలో ఉన్న కార్డు అయితేనే పక్క రాష్ట్రంలో పనిచేస్తుంది. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డు అయితే బెంగళూరు డీలరు దగ్గర మెషీన్ ఆ కార్డే లేదంటుంది, పాపం ఆయన తప్పేం లేదు. బయల్దేరే ముందే మేరా రేషన్ యాప్‌లోనో, 14445కు ఫోను చేసో కనుక్కోండి. తెలంగాణవాళ్లకు బయట 6 కాదు 5 కిలోలే, సన్న బియ్యమూ ఆశించొద్దు. ఆ అదనం రాష్ట్రం పెట్టేది.

కొన్ని నెలలు తీసుకోకపోతే కార్డు పోతుందా?

కేంద్రం 2025 జూలైలో సవరించిన ఉత్తర్వు ప్రకారం వరసగా ఆరు నెలలు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపి, మూడు నెలల్లోపు ఇంటికొచ్చి విచారించి తేల్చాలి. కాబట్టి ఆగిందని తెలిసిన రోజే ఈకేవైసీ చేయించుకుని తహసీల్దార్ ఆఫీసులో కనబడండి. బియ్యం తినకపోయినా కార్డు బతికుండాలని కొందరు తీసుకుని కిలో పదికో పదిహేనుకో అమ్మేస్తుంటారు. పట్టుబడితే నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు, కార్డు రద్దు. అమ్మినవాడికి పదిహేను, కొన్నవాడికి మిల్లు దగ్గర ఇంకెంతో. కేసు మాత్రం ఇద్దరి మీదా పడుతుంది.

డీలరు తూకం తక్కువ వేస్తున్నాడు. ఎవరికి చెప్పాలి?

ఈపాస్ మెషీన్ నుంచి వచ్చే చీటీ అడగండి. అందులో ఎన్ని కిలోలు అని ఉందో, సంచీలో అంత ఉందో లేదో అక్కడే ఇంకోసారి కాటా వేయించండి. సంచీ బరువు కలిపి తూచడం పాత చమత్కారం. షాపు మూసుందన్నా, స్టాకు లేదన్నా, తూకం తక్కువన్నా 1967కు ఫోను చేయండి. కార్డు నంబరు, షాపు నంబరు, తేదీ, చీటీలోని అంకె చెప్పాలి. ఆ నాలుగూ లేకుండా కోపం ఒక్కటే చెబితే రాసుకునేవాళ్లకు రాసుకోవడానికి ఏమీ ఉండదు. డీలరు నచ్చకపోతే ఇంకో షాపులో తీసుకునే వీలూ ఉంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆంధ్రాలో షాపులు నెలలో 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 దాకా తెరవాలి.

అమ్మ చనిపోయింది. ఆమె పేరు తీయించకపోతే ఏమవుతుంది?

కొన్ని నెలలు ఏమీ కాదు, ఆ తర్వాత ఈకేవైసీ దగ్గర తేలుతుంది. ఆమే ఇంటి పెద్ద అయితే ఇంకా తొందరగా మార్పించుకోవాలి. మరణ ధ్రువపత్రం తీసుకున్న రోజే ఒక నకలు దీనికోసం పక్కన పెట్టండి. దుఃఖంలో ఈ మాట చెప్పడం నాకూ ఇష్టం ఉండదు. కానీ ఏడాది తర్వాత వచ్చినవాళ్లకు ఆ కాగితం మళ్లీ తేవడం పెద్ద తిరుగుడవుతుంది.

కార్డు వచ్చేదాకా ఎలా? పిల్లలున్నారు.

గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే తిండికి రేషన్ కార్డుతో సంబంధం లేదు, అదీ ఇదే చట్టంలోని హక్కు. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనమూ అంతే. నిన్న ఒకామె చంకలో రెండేళ్ల బాబుతో వచ్చి, కార్డు లేదని అంగన్‌వాడీకి వెళ్లట్లేదంది. దరఖాస్తు పక్కనపెట్టి ముందు అక్కడికి పంపాను. గుడ్డు తిని వచ్చాక కూర్చోబెట్టి పేర్లు టైపు చేశాం. ఆధార్‌లో ఆమె ఇంటిపేరు ఒక అక్షరం తేడా. వచ్చే సోమవారం మళ్లీ రమ్మన్నాను.